ఇంటర్వల్ తేలాకే కెమెరా: విశాఖలో టైమ్‌ల్యాప్స్ తీసేవారికి

విశాఖ టైమ్‌ల్యాప్స్ (ఎడం ఎడంగా తీసిన ఫొటోల్ని వరసగా పేర్చి చేసే వీడియో) పేరుతో ఆన్‌లైన్‌లో తిరిగేవాటిలో ఎక్కువగా కనబడేవి మూడే: ఆర్కే బీచ్‌లో సూర్యోదయం, బీచ్ రోడ్డు మీద రాత్రి కార్ల దీపాలు, కైలాసగిరి పైన మబ్బుల పరుగు. ఇవి తీయకూడదని ఎవరూ అనరు. కానీ వాటిలో చాలావాటిని చూస్తుంటే మామూలు వీడియోని ఎవరో తొందరపెట్టినట్టే ఉంటుంది. కార్లు వెళ్తాయని మనకి ముందే తెలుసు. అవే కార్లు ఇంకా జోరుగా వెళ్తే అందులో కొత్తగా చూడ్డానికేముంది?

కంటి ముందే జరుగుతున్నా కంటికి అందని కదలికని చూపించడమే టైమ్‌ల్యాప్స్ చేయాల్సిన పని. లంగరేసిన ఓడ గాలి మారగానే నెమ్మదిగా ముక్కు తిప్పుకుంటుంది. పోటెక్కే నీళ్లు ఒక్కో రాయినీ మింగుతూ వస్తాయి. రెండు పొరల మబ్బులు ఒకే ఆకాశంలో ఎదురెదురు దిక్కులకి పోతాయి. ఇవన్నీ మనం నిలబడి చూస్తూనే ఉన్నా తెలియవు. అందుకే నా వాదన ఒకటే: ఏ కెమెరా, ఏ లెన్స్ అన్న ప్రశ్నలన్నీ తర్వాత. కదిలేదేమిటి, ఆ కదలికకి ఎంతసేపు పడుతుంది అన్నది ముందు తేల్చుకోవాలి. అది తేలితే ఇంటర్వల్, అంటే ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య ఎడం, తేలుతుంది. ఇంటర్వల్ తేలితే షట్టర్ (ఒక్కో ఫొటోకి వెలుగు తీసుకునే సమయం), ఫిల్టర్, కార్డు, బ్యాటరీ అన్నీ దాని వెనకే వస్తాయి.

లెక్క చిన్నదే. సెకనుకి 25 ఫ్రేముల చొప్పున పది సెకన్ల క్లిప్‌కి 250 ఫొటోలు కావాలి. అయిదు సెకన్లకొకటి తీస్తే 1250 సెకన్లు, అంటే దాదాపు 21 నిమిషాలు అక్కడ నిలబడాలి. అయితే ఈ లెక్కని చాలామంది తలకిందులుగా వేస్తారు. ముందు ఇంటర్వల్ అనుకుని, తర్వాత ఎంతసేపు తీయాలో చూసుకుంటారు. వరస మార్చండి. ఫ్రేము కట్టుకున్నాక గడియారం పట్టుకుని ఒక మబ్బుని చూడండి. ఎడమ అంచు నుంచి కుడి అంచుకి చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో దాన్ని 200తో భాగించండి. వచ్చిందే మీ ఇంటర్వల్. తెర మీద ఆ మబ్బు ఎనిమిది సెకన్లలో ఫ్రేము దాటుతుంది, అది కంటికి హాయిగా ఉండే వేగం. పది నిమిషాలు పట్టే మబ్బుకి మూడు సెకన్లు. నాలుగు నిమిషాల్లో దాటేసే వానాకాలపు కిందిమబ్బుకి ఒక్క సెకను. ఒకే చోట, ఒకే లెన్స్‌తో, ఒకే వారంలో ఇంత తేడా ఉంటుంది కాబట్టే “మబ్బులకి అయిదు సెకన్లు” లాంటి పట్టికలు పనికిరావు.

అదే మబ్బుని 18 ఎం‌ఎం లెన్స్‌తో కాక 55తో తీస్తే ఫ్రేము దాటే సమయం మూడో వంతుకి పడిపోతుంది, ఇంటర్వల్ కూడా అంతే తగ్గాలి. జూమ్ మార్చి ఇంటర్వల్ మార్చడం మరిచిపోతే మబ్బులు గెంతుతాయి.

ఈ లెక్క ఓడల దగ్గర మాత్రం అచ్చంగా పనిచేయదు. పోర్టులోకి పిలుపు కోసం బయట సముద్రంలో ఎప్పుడూ కొన్ని ఓడలు లంగరేసి ఉంటాయి. గాలి, నీటి ఒరవడి మారినప్పుడు అవి లంగరు చుట్టూ తిరుగుతాయి. రాత్రి నేలగాలి పోయి పగలు సముద్రపు గాలి వచ్చే వేళ ఇది బాగా కనిపిస్తుంది. ఆ మలుపుకి నాలుగు గంటలు పట్టిందనుకుంటే 14,400 సెకన్లని 200తో భాగిస్తే 72 సెకన్లు వస్తుంది. కానీ అంత ఎడంతో తీస్తే మధ్యలో వచ్చే చేపల పడవలు ఒక్కో ఫ్రేములో తళుక్కుమని మాయమైపోతూ చికాకు పెడతాయి. 30 సెకన్లకి దించండి. 480 ఫ్రేములు, 19 సెకన్ల క్లిప్. ప్రధానమైన కదలికతో పాటు ఫ్రేములో ఇంకేం కదులుతుందో కూడా చూసుకోవాలన్నమాట. ఇంత దూరాన్ని 200 ఎం‌ఎం పైబడిన లెన్స్‌తోనే తీయాలి కాబట్టి గాలికి ట్రైపాడ్ ఏ కొంచెం ఊగినా ఓడలన్నీ వణుకుతాయి. మధ్యాహ్నం ఎండలో వేడిగాలి తెరలు అడ్డొచ్చి ఓడల అంచులు నీళ్లలో నీడల్లా అలికిపోతాయి, దానికి మందు లేదు. తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదింటికి ముగించడం మేలు.

విశాఖలో తీయదగ్గ వాటన్నిటిలో నా ఓటు జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఉండే ఆకాశానికి. నైరుతి రుతుపవనాల కాలంలో కింది పొరల్లో గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి వీస్తుంది. చాలా ఎత్తున, పన్నెండు పదిహేను కిలోమీటర్ల దగ్గర, తూర్పు నుంచి పడమరకి బలమైన గాలి ఉంటుంది. వాతావరణ శాస్త్రంలో దాన్ని ట్రాపికల్ ఈస్టర్లీ జెట్ అంటారు. అంటే కింది మబ్బులు కొండల వైపు నుంచి సముద్రం మీదకి పోతుంటే, పైనున్న పలచటి ఈకల్లాంటి మబ్బులు సముద్రం నుంచి కొండల మీదకి వస్తుంటాయి. నేల మీద నిలబడి చూస్తే ఇది అస్సలు తెలియదు. కిందివి జోరుగా పోతుంటే పైవి కదలనట్టే ఉంటాయి. రెండు సెకన్ల ఇంటర్వల్‌తో ఇరవై నిమిషాలు, 600 ఫ్రేములు తీసి చూడండి. రెండు పొరలూ విడిపోయి ఎదురెదురుగా నడుస్తాయి. వానల మధ్య తెరిపి ఇచ్చిన పూట, కిందిమబ్బుల సందుల్లోంచి పై ఆకాశం కనిపించేటప్పుడే ఇది దొరుకుతుంది. ముసురు పట్టిన రోజున కెమెరా బయటికి తీయనక్కర్లేదు. రుషికొండ, తొట్లకొండ వైపు ఆకాశం విశాలంగా దొరుకుతుంది. ఫ్రేము అడుగున కొండ అంచో తాటిచెట్టో ఏదో ఒకటి కదలనిది ఉండాలి, లేకపోతే ఏది ఎటు పోతుందో చూసేవాడికి ఆనదు.

పోటు, ఆటు తీయడానికి ఓపిక ఎక్కువ కావాలి. మన తీరంలో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ఆటు నుంచి పోటుకి ఆరు గంటలు దాటుతుంది. అమావాస్య, పున్నమి రోజుల్లో నీటిమట్టం తేడా మీటరున్నర దరిదాపుల్లో ఉంటుంది, అష్టమి రోజుల్లో బాగా తక్కువ. కాబట్టి తిథి చూసుకుని వెళ్లాలి. ఇసుక ఒడ్డు మీద నీటి గీత ముందుకొచ్చిందో వెనక్కెళ్లిందో అలల గోలలో తేలదు. తెన్నేటి పార్కు కింద ఉన్నట్టు రాళ్లున్న చోట తీస్తే ఒక్కో రాయి మునగడం కొలబద్దలా పనిచేస్తుంది. 30 సెకన్లకొకటి చొప్పున ఆరు గంటలకి 720 ఫ్రేములు, 29 సెకన్ల క్లిప్. షట్టర్ రెండు మూడు సెకన్లుంటే అలలన్నీ పొగమంచులా పరుచుకుని నీటి మట్టం ఒక్కటే కదులుతున్నట్టు కనిపిస్తుంది. ట్రైపాడ్ మాత్రం పోటు గీతకి పైన పెట్టాలి. అలల తడి చేరే ఇసుకలో కాళ్లు మెల్లగా దిగబడతాయి, ఫ్రేము ఒక పక్కకి ఒరుగుతూ పోతుంది. విరిగిన ఫ్లోర్ టైల్ ముక్కలు మూడు సంచిలో వేసుకెళ్లి కాళ్ల కింద పెట్టుకుంటే ఆ బెడద తీరుతుంది.

ఫిషింగ్ హార్బర్‌ని క్యాలెండర్ చూసుకుని తీయాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు పక్కపక్కనే కట్టేసి ఉంటాయి. వేట మళ్లీ మొదలయ్యే వేళ అవి ఒక్కొక్కటే కదిలి నీళ్లు ఖాళీ అవడం రెండు సెకన్ల ఇంటర్వల్‌తో అద్భుతంగా వస్తుంది. అలాగే ఆషాఢ పున్నమి ముందు మొదలయ్యే సింహాచలం గిరి ప్రదక్షిణ. 32 కిలోమీటర్ల దారి పొడవునా జనం. దీన్ని ఎత్తైన డాబా మీంచి, రెండు సెకన్ల ఇంటర్వల్, అర సెకను నుంచి ఒక సెకను షట్టర్‌తో తీయాలి. మనుషుల ముఖాలు చెదిరిపోయి ప్రవాహం మిగులుతుంది. 1/500లో తీస్తే అదే జనం చీమల్లా గెంతుతారు.

ఇక సూర్యుడు. మన సముద్రం తూర్పు, ఆగ్నేయ దిక్కుల్లో ఉంది. సముద్రంలో సూర్యాస్తమయం ఆర్కే బీచ్‌లో దొరకదు, పొద్దు కొండల వెనక గుంకుతుంది. బయటి ఊళ్ల నుంచి వచ్చి సాయంత్రం సముద్రం వైపు కెమెరా పెట్టుకుని కూర్చునేవాళ్లకి ఈ మాట ఎవరైనా చెప్పాలి. సూర్యోదయం కూడా ఏడాది పొడవునా ఒకే చోట ఉండదు. జూన్ చివర్లో తూర్పుకి దాదాపు 25 డిగ్రీలు ఉత్తరంగా, కైలాసగిరి వైపు జరిగి పొడుస్తుంది. డిసెంబరు చివర్లో అంతే దక్షిణంగా, నడి సముద్రం మీద పొడుస్తుంది. కొండని కూడా ఫ్రేములో కలుపుకోవాలంటే జూన్ నెలే అనువు, అయితే అప్పటికి మబ్బులు మొదలవుతాయి. మే నెల రాజీ.

సూర్యోదయం కన్నా మనకి బాగా కలిసొచ్చేది చంద్రోదయం అంటాను. తూర్పు సముద్రం ఉన్న ఊరికి పున్నమి చంద్రుడు నీళ్లలోంచి లేవడమే పెద్ద ఆస్తి. కాకపోతే పున్నమి నాడు కాదు, ముందు రోజు తీయాలి. పున్నమి నాడు చంద్రుడు లేచేసరికి పొద్దు గుంకి ఉంటుంది, కాసేపటికే సముద్రం నల్లబడి చంద్రుడు తెల్ల చుక్కలా కాలిపోతాడు. ముందు రోజు ముప్పావు గంట, యాభై నిమిషాలు ముందే లేస్తాడు, ఆకాశంలో ఇంకా వెలుగుంటుంది కాబట్టి ఒకే ఎక్స్‌పోజర్‌లో రెండూ ఇముడుతాయి. క్రాప్ సెన్సర్ (కాస్త చిన్న సెన్సర్) కెమెరా మీద 300 ఎం‌ఎం లెన్స్ పెడితే ఫ్రేము వెడల్పు నాలుగున్నర డిగ్రీలే. చంద్రుడు గంటకి దాదాపు 15 డిగ్రీలు నడుస్తాడు. ఫ్రేముని నిలువుగా తిప్పి పెట్టుకుంటే కింది నుంచి పైకి చేరడానికి సుమారు 18 నిమిషాలు, ఇంటర్వల్ 5 సెకన్లు. నిలువుకి దాదాపు 18 డిగ్రీలు కుడి వైపుకి వాలుతూ ఎక్కుతాడు. అందుకని మొదట్లో ఫ్రేము మధ్యలో కాకుండా కాస్త ఎడమకి ఉంచాలి.

షట్టర్ సంగతికొస్తే, ఇంటర్వల్‌లో సగం ఉండాలన్నది సినిమా కెమెరాల నుంచి వచ్చిన పాత నియమం. అయిదు సెకన్ల ఇంటర్వల్‌కి రెండున్నర సెకన్లు. కదిలేది ప్రతి ఫ్రేములోనూ కొంత అలికినట్టు పడితేనే ఒక ఫ్రేము నుంచి ఇంకో ఫ్రేముకి కన్ను జారుతుంది. పగటి ఎండలో ఇది మామూలుగా కుదరదు. ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుకి స్పందించే స్థాయి) 100, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం సైజు) ఎఫ్ 8 దగ్గర ఎండకి 1/400 సెకను వస్తుంది. ఎన్‌డీ అంటే వెలుగు తగ్గించే నల్లద్దం ఫిల్టర్, ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది. ఆరు స్టాపుల ఎన్‌డీ 64 పెడితే 1/6 సెకను. పది స్టాపుల ఎన్‌డీ 1000 పెడితే రెండున్నర సెకన్లు, సరిగ్గా మనకి కావాల్సింది. కాబట్టి కొత్త లెన్స్ కొనాలా అని ఊగిసలాడేవారికి నా సలహా: ముందు ఎన్‌డీ 1000 ఒకటి, ఎన్‌డీ 64 ఒకటి కొనండి. తిప్పితే నలుపు పెరిగే వేరియబుల్ ఎన్‌డీలు వైడ్ లెన్స్ మీద ఆకాశంలో ఇంటూ గుర్తులా నల్లటి చార వేస్తాయి. పోలరైజర్ కూడా వైడ్ లెన్స్‌కి వద్దు. నీలాకాశంలో ఒక చోట మచ్చ పడుతుంది, సూర్యుడు జరిగే కొద్దీ ఆ మచ్చ కూడా జరుగుతుంది.

ఎన్‌డీ 1000 బిగించాక ఫోకస్ చేయడం వీలుకాదు, కెమెరాకి ఏమీ కనబడదు. ముందే ఫోకస్ చేసి, మాన్యువల్‌కి మార్చి, రింగు మీద చిన్న టేపు ముక్క అంటించి, అప్పుడు ఫిల్టర్ తిప్పాలి. డీఎస్ఎల్ఆర్ అయితే వెనక వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) కూడా మూయాలి. సూర్యుడు వీపు వైపు ఉన్నప్పుడు ఆ కిటికీలోంచి వెలుగు లోపలికి పోయి ఫొటో మీద ఊదారంగు మరక పడుతుంది. కెనాన్ కెమెరా మెడ బెల్టుకి ఉండే చిన్న రబ్బరు మూత అందుకే. అది పోతే నల్ల టేపు చాలు.

కెమెరా గురించి అంతా ఎక్కువగా అడుగుతారు కాబట్టి చెప్పాలి. పాతదైనా ఫర్వాలేదు. నికాన్ డీ90 2008లో వచ్చింది, వీడియో తీయగల మొదటి డీఎస్ఎల్ఆర్ అదే. దాని వీడియో 720పీ మాత్రమే. కానీ దాని ఫొటో 4288 పిక్సెళ్ల వెడల్పు, 4కె వీడియోకి కావాల్సింది 3840. వీడియోలో ఏనాడో వెనకబడిపోయిన ఆ కెమెరా ఈ రోజుకీ 4కె టైమ్‌ల్యాప్స్ ఇస్తుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా అయితే 6000 వెడల్పు, ఎడిటింగ్‌లో మెల్లగా పక్కకి జరపడానికీ దగ్గరికి తేవడానికీ చోటు మిగులుతుంది. అంతకు మించి ఈ పనికి అక్కర్లేదు. డీ90లో ఇంటర్వల్ టైమర్ లేదు, తీగతో తగిలించే ఇంటర్వలోమీటరు అనే బయటి టైమరు కొనాలి. డీ5300లో లోపలే ఉంది. సోనీ ఏ6400లోనూ ఉంది. కొన్ని కెనాన్ డీఎస్ఎల్ఆర్‌లకి మ్యాజిక్ లాంతర్న్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో వస్తుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు షట్టర్ కౌంట్ అడగండి. మామూలు మోడళ్లకి లక్ష క్లిక్కుల దరిదాపుల్లో ఆయుష్షు చెబుతారు. ఒక్క సాయంత్రం రెండు క్లిప్పులు తీస్తే వెయ్యి క్లిక్కులు పోతాయి. పెళ్లి ఫొటోలు తీసి అలిసిన కెమెరాని టైమ్‌ల్యాప్స్‌కి పెడితే ఎంతో కాలం రాదు. మిర్రర్‌లెస్‌లో ఎలక్ట్రానిక్ షట్టర్ వాడితే అరుగుదల లేదు, అయితే రాత్రి వీధిదీపాల కింద దాంతో పేచీ ఉంది. ఆ సంగతి కింద వస్తుంది.

ఫోన్‌లో టైమ్‌ల్యాప్స్ మోడ్ ఉండగా ఇదంతా ఎందుకంటే, ఇంటర్వల్ మీ చేతిలో ఉండదు కాబట్టి. కొన్ని ఫోన్లు ఎక్కువసేపు తీసేకొద్దీ తమంతట తామే ఫ్రేముల మధ్య ఎడం పెంచేస్తాయి. ఎండలో షట్టర్ వెయ్యో వంతు సెకనుకి పడిపోతుంది, అన్నీ గెంతుతాయి. మాన్యువల్ యాప్, పైన బిగించే ఎన్‌డీ ఉంటే ఫోన్‌తోనూ మంచి క్లిప్ తీయొచ్చు. అంత సరంజామా కొనేవాడు పాత డీఎస్ఎల్ఆర్ కొనుక్కుంటేనే లాభం.

సెట్టింగుల్లో దాదాపు అన్నీ మాన్యువలే. ఎక్స్‌పోజర్ మాన్యువల్, ఐఎస్ఓ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ ఎండ గుర్తు మీద కట్టేయాలి, ఫొటో ‘రా’లో (సెన్సర్ పట్టిన వివరాలన్నీ ఉంచే ఫైలు) తీయాలి. లెన్స్‌లో వణుకు తగ్గించే స్విచ్ ఆపేయాలి, ట్రైపాడ్ మీద అదే ఫ్రేముని అటూ ఇటూ కదుపుతుంది. తీసిన ఫొటో తెర మీద చూపించడం ఆపేస్తే బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. ‘లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్’ తప్పకుండా ఆపాలి. అది ఉంటే రెండు సెకన్ల ఫొటో తర్వాత కెమెరా ఇంకో రెండు సెకన్లు చీకటి ఫొటో తీసుకుంటుంది, ఈ లోపు తర్వాతి క్లిక్ దాటిపోతుంది. అప్పుడు ఇంటర్వల్ చెప్పాపెట్టకుండా రెట్టింపవుతుంది. షట్టర్ ఇంటర్వల్‌కి మరీ దగ్గరగా వచ్చినా ఇదే తంటా. నికాన్ లాంటి కెమెరాలు ఇంటర్వల్‌ని ఒక క్లిక్ మొదలు నుంచి ఇంకో క్లిక్ మొదలు వరకు లెక్కిస్తాయి. కొన్ని బయటి టైమర్లు క్లిక్ ముగిశాక మొదలుపెడతాయి. మీ దాని పద్ధతి ఇంట్లోనే గడియారం పెట్టుకుని చూసుకోండి. ఇంకో మెలిక: కెమెరా మీద 30 సెకన్లు అని ఉన్నది నిజానికి 32, 15 అని ఉన్నది 16. నక్షత్రాలు తీసేటప్పుడు 30 సెకన్ల షట్టర్‌కి 32 ఇంటర్వల్ పెడితే ప్రతి రెండో ఫొటో ఎగిరిపోతుంది. 35 పెట్టండి.

ఫ్లికర్, అంటే క్లిప్‌లో వెలుగు మినుకుమినుకుమనడం గురించి చాలా గందరగోళం ఉంది. అంతా మాన్యువల్‌లో పెట్టినా క్లిప్ మినుకుమంటోందంటే కారణం సాధారణంగా అపర్చర్. ఎఫ్ 8 పెట్టామంటే లెన్స్ ప్రతి ఫొటోకీ ముందు తెరుచుకుని ఉండి, క్లిక్ సమయంలో ఎఫ్ 8కి మూసుకుంటుంది. ప్రతిసారీ వెంట్రుకవాసి తేడాతో ఆగుతుంది. ఒక్క ఫొటోలో ఆ తేడా తెలియదు, సెకనుకి పాతిక చొప్పున పక్కపక్కన పడితే కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మూడు మార్గాలున్నాయి. లెన్స్‌ని పూర్తిగా తెరిచిన అపర్చర్‌లో వాడితే మూసుకోవడమే ఉండదు, ఎన్‌డీ ఉంటే పగలు కూడా ఇది కుదురుతుంది. అపర్చర్ రింగు ఉన్న పాత మాన్యువల్ లెన్స్ అయితే మరీ మంచిది. మూడోది కెనాన్ వాళ్ల కిటుకు: డెప్త్ ఆఫ్ ఫీల్డ్ బటన్ నొక్కి పట్టుకుని, లెన్స్ లాక్ తీసి ఒక్క పిసరు తిప్పితే విద్యుత్ సంబంధం తెగి అపర్చర్ అక్కడే బిగుసుకుపోతుంది. ఆ స్థితిలో కెమెరా మెడలో వేసుకుని నడవకండి, లెన్స్ ఊడి పడుతుంది.

రాత్రి ఫ్లికర్‌కి కారణం వేరు. హుద్‌హుద్ తుపాను తర్వాత నగరంలో వీధిదీపాలు చాలావరకు ఎల్‌ఈడీలయ్యాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి ఒక మాదిరి ఎల్‌ఈడీ దీపాలు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. షట్టర్ 1/100 కన్నా పొట్టిగా ఉంటే ఒక ఫొటోలో దీపం వెలిగినట్టు, ఇంకో దాంట్లో ఆరినట్టు పడుతుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో అయితే అడ్డచారలు వస్తాయి. 1/50, 1/25 లాంటివి వాడండి, 1/10 దాటితే చింత లేదు.

పగలు నుంచి రాత్రికి మారే క్లిప్ అన్నిట్లో కష్టమైనది. ఇక్కడ బయటి పుస్తకాలు మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. ఉత్తర యూరప్‌లో సంధ్య చాలాసేపు సాగుతుంది. మనం 17.7 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాం, సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు. పొద్దు గుంకాక 22, 24 నిమిషాల్లో ఆరు డిగ్రీలు కిందికి పోతాడు, ఆ లోపు వెలుగు ఏడు స్టాపులు పడిపోతుంది. అంటే మూడు, మూడున్నర నిమిషాలకో స్టాపు. మూడో వంతు స్టాపు చొప్పున మార్చేవారు దాదాపు ప్రతి నిమిషానికీ చేయి పెట్టాలి. కాఫీకి వెళ్లొచ్చేంత వ్యవధి లేదు.

కైలాసగిరి దక్షిణపు అంచు నుంచి బీచ్ రోడ్డు వంపు, చివర్న డాల్ఫిన్స్ నోస్ కొండ ఉన్న ఫ్రేముని ఉదాహరణగా తీసుకుందాం. ఇంటర్వల్ మొదటి నుంచి చివరిదాకా 5 సెకన్లు, అపర్చర్ ఎఫ్ 5.6 కదపకూడదు. పొద్దు అంచున ఉన్నప్పుడు ఐఎస్ఓ 100, షట్టర్ 1/125తో మొదలవుతుంది. వెలుగు తగ్గేకొద్దీ మొదట షట్టర్‌నే పెంచుకుంటూ పోవాలి, 2 సెకన్లకి చేరితే ఎనిమిది స్టాపులు. తర్వాత ఐఎస్ఓ 200, 400 చేస్తే మొత్తం పది. ఊరి దీపాలు అక్కడికి సరిపోతాయి, ఇంకా పెంచితే దీపాలు కాలిపోతాయి. డయల్ తిప్పేటప్పుడు రెండు క్లిక్కుల మధ్య మాత్రమే, వేలి కొసతో, కెమెరా కదలకుండా. హిస్టోగ్రామ్ (ఫొటోలో వెలుగు నీడల పంపకం చూపే గ్రాఫ్) ఎడమకి జరుగుతున్నా, వెలుగు పెంచడంలో కాస్త వెనకే ఉండండి, ముందు కాదు. సంధ్య వేళ ఫొటో కొంత చీకటిగా ఉండడమే న్యాయం. ఈ మెట్లన్నిటినీ నునుపు చేయడానికి ఎల్ఆర్‌టైమ్‌ల్యాప్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఫొటోలు దిద్దే లైట్‌రూమ్‌తో కలిసి పనిచేస్తుంది. డిసెంబరులో ఈ ఫ్రేము కుడి అంచు దగ్గరికి సూర్యుడు వస్తాడు, లెన్స్ మీద పడే ఎండని చేత్తోనో అట్టతోనో అడ్డుకోవాలి. జూన్‌లో బాగా పక్కకి పోతాడు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఆ ఫ్రేములోనే ఒక హెచ్చరిక కూడా ఉంది. డాల్ఫిన్స్ నోస్ చుట్టుపక్కల నౌకాదళ స్థావరాలున్నాయి, నౌకాదళ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగ కూడా ఊళ్లోనే ఉంది. దూరం నుంచి కొండ ఆకారం తీయడం వేరు, టెలీ లెన్స్‌తో యుద్ధనౌకల మీద గంటలకొద్దీ గురి పెట్టడం వేరు. ట్రైపాడ్ మీద తనంతట తానే క్లిక్కుమంటున్న కెమెరా ఎవరికైనా అనుమానం కలిగిస్తుంది. హార్బర్‌లో తీయాలంటే ముందే అనుమతి తీసుకోండి.

మన గాలిలో తేమ, ఉప్పు రెండూ ఎక్కువే. ఏసీ గదిలోంచి కెమెరాని నేరుగా బీచ్‌కి తెస్తే లెన్స్ చెమర్చుతుంది, తుడిచినా మళ్లీ పడుతుంది. బయల్దేరే గంట ముందు మూసిన సంచిలోనే ఏసీ లేని చోట పెట్టేస్తే చాలు. అలల తుంపర ముందు అద్దం మీద సన్నటి పొరగా పేరుకుంటుంది, దీపాల చుట్టూ మసక వస్తుంది. మామూలు యూవీ ఫిల్టర్ బిగించి ఉంచి, రెండు క్లిప్పుల మధ్య మంచినీళ్లతో తడిపిన గుడ్డతో తుడవాలి, పొడిగుడ్డతో తుడిస్తే ఉప్పు గీరుతుంది. ఇంటికొచ్చాక ట్రైపాడ్ కాళ్లన్నీ చాచి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టకపోతే బిగింపులు నెలల్లో పట్టేస్తాయి.

పాడేరు దగ్గర వంజంగి మేఘాల సముద్రానికి వెళ్లేవారి కష్టం మంచు. తెల్లవారుజామున లెన్స్ గాలికన్నా చల్లబడి దాని మీద మంచు దిగుతుంది, ఫొటోలన్నీ పాలలా అయిపోతాయి. పవర్ బ్యాంకుతో నడిచే డ్యూ హీటర్ పట్టీని లెన్స్ ముందు భాగానికి చుట్టి, మంచు పడకముందే వేడి మొదలుపెట్టాలి. పడ్డాక ఆరబెట్టడం చాలాసేపు పడుతుంది. అక్కడి మబ్బులు లోయలో నెమ్మదిగా పొంగి, ఎండ తగిలాక జోరందుకుంటాయి. రెండు మూడు సెకన్ల ఇంటర్వల్ సరిపోతుంది. చలికి బ్యాటరీ తొందరగా దిగుతుంది, అందుకని ఉత్తుత్తి బ్యాటరీ (బ్యాటరీ ఆకారంలో ఉండి తీగతో కరెంటు తీసుకునేది) పెట్టి పవర్ బ్యాంకు నుంచి కరెంటు ఇవ్వడం నయం.

24 మెగాపిక్సెళ్ల ‘రా’ ఫైలు సుమారు 25 ఎంబీ, 500 ఫ్రేములకి పన్నెండున్నర జీబీ. 64 జీబీ కార్డు ఒక పూటకి చాలు. ఫైళ్ల నంబర్లు 9999 దాటి 0001కి తిరిగి వచ్చేచోట సీక్వెన్స్ రెండు ముక్కలవుతుంది, ఎడిటింగ్‌కి ముందు పేర్లు వరసగా మార్చుకోవాలి. డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఫొటోల వరసని ఒకే క్లిప్‌గా తీసుకుంటుంది, 3840 వెడల్పు దాకా ఎక్స్‌పోర్ట్ ఇస్తుంది. జేపెగ్‌లో తీస్తే సంధ్య ఆకాశం మెట్లు మెట్లుగా చారలు పడుతుంది, ‘రా’ అడిగేది అందుకే.

ఇంటర్వల్ దగ్గర ఎటూ తేలక ఆగిపోతే తక్కువ వైపే మొగ్గండి. రెండు సెకన్లకి తీసినదాన్ని ఎడిటింగ్‌లో ఒక ఫ్రేము విడిచి ఒకటి తీసేస్తే నాలుగు సెకన్లది అవుతుంది. నాలుగు సెకన్లకి తీసినదాన్ని రెండు చేయడం ఏ సాఫ్ట్‌వేర్‌కీ సరిగ్గా చేతకాదు, మధ్య ఫ్రేములు కల్పించబోయి అలల అంచుల్ని జిగురు చేస్తుంది. అలా తక్కువ వైపు మొగ్గినప్పుడు షట్టర్‌ని సగానికి కాక, ఇంటర్వల్‌లో ముప్పావు దాకా పెంచుకోండి. సగం ఫ్రేములు తీసేశాక కూడా కదలిక అలుకు కొంత మిగిలి ఉంటుంది. ఎక్స్‌పోర్ట్ అయిపోయింది కదా అని ‘రా’ ఫైళ్లు వెంటనే చెరిపేయకండి. ఫ్రేములు వదిలేసి చూసే ఈ ప్రయోగం వాటితోనే కుదురుతుంది.